నేరు విమానం లేని దేశానికి కుటుంబంతో వెళ్లాలంటే దారి ఎలా ఎంచుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పిల్లలతో, పెద్దవాళ్లతో విదేశ విహారానికి బయలుదేరే కుటుంబానికి ఏ దేశం వెళ్లాలో తేల్చుకోవడం కంటే ఏ దారిన వెళ్లాలో తేల్చుకోవడమే కష్టం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవారు ఒకే విమానం ఎక్కి దిగే చోటికి మనం రెండు మూడు చోట్ల మారవలసి వస్తుంది. అందులో మొదటి మార్పు ఆమదాలవలస స్టేషన్‌లోనో విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనో మొదలవుతుంది. టికెట్లు చూపించే వెబ్‌సైట్ల లెక్కలో ఆ ముక్క ఉండదు. అందుకే మన ప్రాంతం వారు దారిని ధరను బట్టి కాకుండా, అందులోని అన్నిటికంటే బలహీనమైన అతుకును బట్టి ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఒక వాహనం దిగి మరొకటి ఎక్కే ప్రతి చోటును అతుకు అంటున్నాను. అక్కడ ముందుది ఆలస్యమైతే తర్వాతి దానికి పూచీ ఎవరిదన్న ప్రశ్నకు మీ దగ్గర స్పష్టమైన జవాబు ఉండాలి.

వివరం సులువుగా అర్థం కావడానికి ఒక కుటుంబాన్ని అనుకుందాం. శ్రీకాకుళంలో ఉండే దంపతులు, పదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మ, మొత్తం ఐదుగురు దసరా సెలవుల్లో ఇండోనేషియాలోని బాలి ద్వీపానికి వెళ్లాలనుకుంటున్నారు.

ముందు కాగితం మీద దారులన్నీ రాయండి

టికెట్ల వెబ్‌సైట్ తెరవడానికి ముందే ఒక తెల్లకాగితం తీసుకుని, మీ ఇంటి గుమ్మం నుంచి అక్కడి హోటల్ గుమ్మం వరకు ఎన్ని దారులున్నాయో రాసుకోండి. వెబ్‌సైట్‌లో విశాఖపట్నం అని కొడితే అది విశాఖ నుంచి ఉన్నవే చూపిస్తుంది కాని, మన జిల్లాలకు గుమ్మాలు ఇంకా ఉన్నాయి. విశాఖ నుంచి సింగపూర్‌కు పదేళ్లకు పైగా, కరోనా కాలంలో ఆగిన రోజులు మినహా, నేరు సర్వీసు నడుస్తోంది. సింగపూర్ నుంచి బాలికి రోజూ అనేక విమానాలు ఉంటాయి. 2024లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కు, కౌలాలంపూర్‌కు కూడా సర్వీసులు మొదలయ్యాయి. ఇలాంటి కొత్త సర్వీసులు ప్రయాణికుల సంఖ్యను బట్టి వస్తూ పోతూ ఉంటాయి కనుక, ఎవరో పోయిన ఏడాది వెళ్లారన్న మాట మీద ఆధారపడకుండా మీ తేదీకి అది నడుస్తోందో లేదో విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చూడాలి.

రెండవ రకం దారి దేశంలోని పెద్ద నగరం మీదుగా వెళ్లేది: విశాఖ నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, కోల్‌కతాలలో ఒకచోటికి వెళ్లి అక్కడి నుంచి విదేశీ విమానం ఎక్కడం. మూడవది, రైలులో ఆ నగరానికి చేరి అక్కడ విమానం ఎక్కడం. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు వారు మరో గుమ్మాన్ని మరచిపోకూడదు. ఇచ్ఛాపురానికి విశాఖ కంటే భువనేశ్వరే దగ్గర. హౌరా మార్గంలో రైళ్లకు కొదవ లేదు. భువనేశ్వర్ నుంచి మీ తేదీకి విదేశీ సర్వీసు ఉంటే, కాగితంలో ఆ దారికీ ఒక వరుస కేటాయించండి.

భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. సర్వీసులు పాత విమానాశ్రయం నుంచి కొత్తదానికి మారే కాలంలో టికెట్ కొనేవారు, దాని మీద ఊరి పేరుతో పాటు విమానాశ్రయం పేరు కూడా చదవాలి. శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద వచ్చేవారికి భోగాపురం దారిలోనే తగులుతుంది. విశాఖ వరకు వెళ్లిపోయాక తప్పు తెలిస్తే వెనక్కు రావడానికి గంటకు పైగా పడుతుంది.

ఒకే టికెట్టా, రెండు టికెట్లా

అన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. విశాఖ నుంచి సింగపూర్‌కు ఒక విమానం, సింగపూర్ నుంచి బాలికి మరో విమానం అని తెరమీద కనిపించినప్పుడు, ఆ రెండూ ఒకే పీఎన్ఆర్ కింద ఉన్నాయా, వేర్వేరు పీఎన్ఆర్‌లుగా కొనవలసినవా అన్నది డబ్బు కట్టే ముందు తెలుసుకోవాలి. ఒకే పీఎన్ఆర్ అయితే విమాన సంస్థ మిమ్మల్ని విశాఖ నుంచి బాలి వరకు చేర్చడానికి ఒప్పుకున్నట్టు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, మరో విమానంలో ఎక్కించే బాధ్యత దానిదే. పెట్టెలను కూడా విశాఖలోనే బాలి వరకు ట్యాగ్ వేసి తీసుకుంటారు.

వేర్వేరు పీఎన్ఆర్‌లు అయితే మాత్రం, రెండో సంస్థ దృష్టిలో మీరు సింగపూర్‌లో ఇంటి నుంచి బయలుదేరి వచ్చిన ప్రయాణికులు. మీరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకు ఆలస్యమైందో ఆ సంస్థకు సంబంధం లేదు. కౌంటర్ మూసేసరికి మీరు అక్కడ లేకపోతే టికెట్ డబ్బు పోయినట్టే. ఐదుగురికి అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనవలసి వస్తే, ముందు మిగిలిందనుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు పోతుంది. కొన్ని వెబ్‌సైట్లు వేర్వేరు సంస్థల విమానాలను తామే కలిపి ఒకే ప్రయాణంలా చూపిస్తాయి. అలాంటప్పుడు ఎక్కడో చిన్న అక్షరాల్లో సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అన్న మాట ఉంటుంది. ఆ మాట కనిపిస్తే అవి రెండు టికెట్లని అర్థం. ఆ వెబ్‌సైట్ తాను హామీ ఇస్తానని చెప్పినా, ఆ హామీలో కొత్త టికెట్ ఇస్తారా, లేక పాత టికెట్ డబ్బు మాత్రమే వాపసు ఇస్తారా అన్నది చదవాలి. అర్ధరాత్రి పరాయి ఊళ్లో పిల్లలతో ఉన్నవారికి కావలసింది ముందుకు వెళ్లే విమానం. వాపసు వచ్చే డబ్బు ఆ పూటకు అక్కరకు రాదు.

మా బంధువుల కుటుంబానికి ఒక ఏజెంటు ఇలాంటి రెండు టికెట్లను కలిపి ఒకే కాగితం మీద ముద్రించి ఇచ్చాడు. కాగితం ఒకటే కనుక టికెట్ కూడా ఒకటే అనుకున్నారు. విశాఖ కౌంటర్‌లో పెట్టెలు మధ్య మజిలీ వరకే తీసుకుంటామని చెప్పినప్పుడు గాని వారికి విషయం తెలియలేదు. అందువల్ల ఏజెంటు ద్వారా కొనేవారు ఒకే ఒక ప్రశ్న రాతపూర్వకంగా, వాట్సాప్‌లోనైనా సరే, అడగాలి: మా పెట్టెలు చివరి ఊరి వరకు నేరుగా వెళతాయా? దీనికి అవునన్న సూటి జవాబు రాకపోతే ఆ టికెట్లు తీసుకోవద్దు.

రెండు టికెట్లు ఎప్పుడూ కొనకూడదని నేను అనను. మధ్య మజిలీలో ఒకటి రెండు రాత్రులు ఉండి ఆ ఊరు కూడా చూసే ఆలోచన ఉంటే వేర్వేరు టికెట్లే మేలు. మన ఉదాహరణ కుటుంబం సింగపూర్‌లో రెండు రాత్రులు ఉండి తర్వాత బాలికి వెళ్తే, మొదటి విమానం ఆరు గంటలు ఆలస్యమైనా చెడేది ఒక సాయంత్రమే. అదే రోజు దిగి అదే రోజు ఎక్కే పని అయితే, కుటుంబంతో వెళ్లేవారికి ఒకే పీఎన్ఆర్ తప్ప మరో ఆలోచన వద్దు.

మధ్య దేశం వీసా

పెట్టెల సంగతికీ వీసా సంగతికీ ముడి ఉంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. సింగపూర్ వెళ్లే భారతీయులు ముందుగా వీసా తీసుకోవాలి. విమానాశ్రయం లోపలే ఒక విమానం దిగి మరొకటి ఎక్కేవారికి మాత్రం వీసా అక్కర్లేదు. కాని పెట్టెలు సింగపూర్ వరకే వస్తే, వాటిని తీసుకోవడానికి మీరు ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. బయటికి రావాలంటే వీసా కావాలి. కనుక రెండు టికెట్లు కొన్నవారికి, సింగపూర్ చూసే ఉద్దేశం లేకపోయినా, సింగపూర్ వీసా అవసరమవుతుంది. ఐదుగురి వీసా ఖర్చు కలిపితే చవక టికెట్ చవకగా మిగలదు.

మలేషియా 2023 డిసెంబర్ నుంచి భారతీయులను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది, ముందుగా ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. థాయ్‌లాండ్ కూడా ఇలాంటి సడలింపు ఇచ్చి, 2025 మే నుంచి డిజిటల్ కార్డు అడుగుతోంది. వీసా సడలింపులకు గడువులు ఉంటాయి, అవి పొడిగిస్తారు లేదా రద్దు చేస్తారు; టికెట్ కొనే రోజున ఒకసారి, బయలుదేరే వారం ముందు మరోసారి ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్‌లో చూడండి. అమెరికా మీదుగా వెళ్లే దారి తగిలితే అసలు పరిశీలించకండి: అక్కడ మరో విమానం ఎక్కడానికి దిగినా అమెరికా వీసా ఉండాలి. బ్రిటన్ మీదుగా వెళ్లేవారికి కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, ట్రాన్సిట్ వీసా కావాలి.

బాలికి భారతీయులు అక్కడ దిగాక గాని, ముందుగా ఆన్‌లైన్‌లో గాని 5 లక్షల ఇండోనేషియా రుపియాలు కట్టి 30 రోజుల వీసా పొందవచ్చు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు కనుక, పెద్దవాళ్లవి బాగున్నాయని ఊరుకోకుండా పిల్లలవి ముందు చూడండి.

మధ్యలో ఎంత సమయం ఉండాలి

ఒకే పీఎన్ఆర్ టికెట్‌లో విమానాశ్రయం నిర్ణయించిన కనీస వ్యవధిని బట్టి గంట, గంటన్నర తేడాతో కూడా విమానాలు కలిపి చూపిస్తారు. ఒంటరిగా చేతిసంచీతో వెళ్లే యువకుడికి అది చాలు. నాన్నమ్మ నడక వేగమే మీ కుటుంబం వేగం. నాలుగేళ్ల అబ్బాయికి సరిగ్గా గేటు మూసే వేళకే బాత్‌రూమ్ గుర్తొస్తుంది. అందువల్ల నేను ఒకే టికెట్ అయినా రెండున్నర గంటలకు తక్కువ ఉన్న మజిలీని కుటుంబానికి ఎంచుకోను. నాలుగు గంటలు దాటితే పిల్లలు అలసిపోతారు. పది గంటల మజిలీ పగలు వస్తే ఓర్చుకోవచ్చు. అర్ధరాత్రి నుంచి ఉదయం వరకు కుర్చీల్లో కూర్చోబెట్టే మజిలీని, ధర ఎంత తగ్గినా, వదిలేయండి. లేదా విమానాశ్రయం లోపలే ఉన్న హోటల్ గది అద్దె కలిపి లెక్క వేయండి.

సమయంతో పాటు చోటు కూడా చూడాలి. బ్యాంకాక్‌కు సువర్ణభూమి, డాన్ మువాంగ్ అని రెండు విమానాశ్రయాలు ఉన్నాయి; ఒకదాంట్లో దిగి మరొకదాంట్లో ఎక్కవలసి వస్తే ఆ నగర ట్రాఫిక్‌లో రోడ్డు మీద వెళ్లాలి. కౌలాలంపూర్ విమానాశ్రయంలో రెండు టెర్మినళ్లు దూరంగా ఉంటాయి. వాటి మధ్య రైలు ఉంది కాని, అది ఎక్కాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. దుబాయికి కూడా రెండు విమానాశ్రయాలు. మన దేశంలో ముంబయి, ఢిల్లీలలో టెర్మినళ్ల మధ్య దూరం ఎక్కువ. బెంగళూరులో విదేశీ విమానాలు 2023 సెప్టెంబర్ నుంచి రెండో టెర్మినల్‌కు మారాయి కనుక, మీ దేశీయ విమానం మొదటి టెర్మినల్‌లో దిగితే బస్సెక్కి వెళ్లాలి. శంషాబాద్‌లో దేశీయ, విదేశీ విమానాలు ఒకే భవనం నుంచి నడుస్తాయి; పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఆ ఒక్క సౌకర్యం కోసమే నేను హైదరాబాద్ దారికి రెండు మూడు వేలు ఎక్కువైనా ఇస్తాను.

టికెట్ మీద గంటలన్నీ ఏ ఊరికి ఆ ఊరి కాలమానంలో ఉంటాయి. సింగపూర్, మలేషియా, బాలి మనకంటే రెండున్నర గంటలు ముందు. థాయ్‌లాండ్ గంటన్నర ముందు. దుబాయి గంటన్నర వెనక. తేదీ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 15వ తేదీ 00:30 అని ఉంటే అది 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరవలసిన విమానం. మన ఇళ్లలో తెల్లవారితే గాని తేదీ మారినట్టు లెక్కించరు. ఈ అలవాటు వల్ల ఒక రోజు ఆలస్యంగా విమానాశ్రయానికి వెళ్లినవారు ఉన్నారు.

ఇంటి నుంచి మొదటి విమానం వరకు

ఈ ముక్కకు పూచీ ఎవరూ వహించరు. రైలు ఆలస్యమైందని విమాన సంస్థ ఆగదు. శ్రీకాకుళం రోడ్డు (ఆమదాలవలస) స్టేషన్ నుంచి గాని విజయనగరం నుంచి గాని విశాఖ చేరడానికి టైంటేబుల్‌లో రాసిన సమయాన్ని నమ్మి మేము ఒకసారి రైలుకూ విమానానికీ మధ్య మూడు గంటలే పెట్టుకున్నాం. కొత్తవలస వరకు సమయానికే వచ్చిన రైలు పెందుర్తి దాటాక సిగ్నల్ కోసం గంటన్నర నిలబడిపోయింది. చివరికి సామాను దించుకుని, పట్టాల పక్కన పిల్లలను నడిపించుకుని రోడ్డు ఎక్కి ఆటో పట్టుకున్నాం. విమానం అందింది కాని, అలాంటి ప్రమాదకరమైన పని చేయవలసిన పరిస్థితి మళ్లీ తెచ్చుకోకూడదని ఆనాడే నిర్ణయించుకున్నాను. హౌరా వైపు నుంచి వచ్చే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌కు రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. అది కూడా చూసుకోవాలి.

పగటి విమానమైతే ముందు రోజు సాయంత్రమే చేరి విశాఖలో పడుకోండి, లేదా రహదారి మీద కారులో రండి. ఐదుగురు, సామాను లెక్కన కారు ఖర్చు రైలు, ఆటో కలిపినదానికి మరీ ఎక్కువ కాదు. హైదరాబాద్ వరకో చెన్నై వరకో రైలులో వెళ్లి విమానం ఎక్కాలనుకునేవారు రైలుకూ విమానానికీ మధ్య కనీసం అర రోజు ఉంచుకోవాలి.

అక్టోబర్ ప్రయాణమంటే మన తీరంలో తుఫానును కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్ని దెబ్బతీసినప్పుడు కొన్ని రోజులు విమానాలు నడవలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటినప్పుడు హౌరా మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. దసరాకు వెళ్లేవారు తేదీ మార్చుకోవడానికి వీలున్న టికెట్‌కు కొంచెం ఎక్కువ ఇవ్వడం, తుఫాను హెచ్చరిక రాకముందే ప్రయాణ బీమా తీసుకోవడం మంచిది. హెచ్చరిక వచ్చాక కొన్న బీమా ఆ తుఫానుకు పనికిరాదు. సంక్రాంతికి వెళ్లేవారికి ఈ బెంగ తక్కువ కాని, వారు ఢిల్లీ మీదుగా వెళ్లే దారిని తప్పించాలి, అక్కడ జనవరి పొగమంచుకు ఉదయపు విమానాలు వరుసగా ఆలస్యమవుతాయి.

ధరలు ఇప్పుడు చూడండి

ఇంతవరకు వచ్చేసరికి కాగితంలో రెండు మూడు దారులే మిగులుతాయి. వాటికి మాత్రమే ధర లెక్కించండి. టికెట్‌కు ఇంటి నుంచి విమానాశ్రయం వరకు ఖర్చు, మధ్య గది, మధ్య దేశపు వీసా, భోజనం కలపాలి. చవక విమాన సంస్థల్లో పెట్టెలకు, సీట్లకు, భోజనానికి విడిగా కట్టాలి. రెండు టికెట్లయితే పెట్టెల డబ్బు రెండుసార్లు కడతారు. దేశీయ విమానంలో సాధారణంగా మనిషికి 15 కిలోలే అనుమతిస్తారు కనుక, విదేశీ టికెట్‌లో 25 కిలోలు ఉన్నా వేర్వేరు పీఎన్ఆర్‌లు అయితే విశాఖలోనే అదనపు బరువుకు కట్టవలసి వస్తుంది. పిల్లల పక్కన సీటు కావాలంటే దానికయ్యే డబ్బు కూడా వేయండి. చివరి మొత్తాల మధ్య తేడా మనిషికి మూడు నాలుగు వేల లోపు ఉంటే, అతుకులు తక్కువ ఉన్న దారినే తీసుకోండి.

టికెట్ కొనేటప్పుడు, కొన్న తర్వాత

పాస్‌పోర్టులో ఉన్న పేరే టికెట్‌లో ఉండాలి. మన ఇళ్లలో తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పిల్లల పాస్‌పోర్టులో పొడి అక్షరంగా, నాన్నమ్మ పాస్‌పోర్టులో అసలు లేకుండా ఉండటం మామూలే. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారి పేరు ఎలా నింపాలో ఒక్కో విమాన సంస్థ ఒక్కో విధంగా చెబుతుంది. కొనే ముందే వారిని అడగండి. నాన్నమ్మకు వీల్‌చైర్‌ను టికెట్ కొన్న వెంటనే అన్ని విమానాలకూ కోరండి. దానికి సాధారణంగా రుసుము ఉండదు, మధ్య మజిలీలో సహాయకుడే దారి చూపిస్తాడు కనుక కుటుంబం మొత్తానికీ తడబాటు తగ్గుతుంది.

చేతిసంచీలో ఆవకాయ, నెయ్యి పెట్టవద్దు. మజిలీలో మళ్లీ తనిఖీ చేసి తీసేస్తారు. పలాస జీడిపప్పుకు ఆ ఇబ్బంది లేదు. గసగసాలు, అవి కలిసిన మసాలా పొడి మాత్రం సింగపూర్, దుబాయి మీదుగా వెళ్లేవారు పెట్టెలో కూడా ఉంచుకోకూడదు. ఆ దేశాల్లో గసగసాలు నిషిద్ధం; విమానం తప్పిపోయి అక్కడ బయటికి రావలసి వస్తే చిక్కుల్లో పడతారు. పెద్దవాళ్ల మందులు డాక్టర్ చీటీతో సహా చేతిసంచీలోనే, అనుకున్న రోజుల కంటే మూడు రోజులకు ఎక్కువగా ఉండాలి.

తిరుగు దారిని విడిగా ఆలోచించండి

వెళ్లిన దారినే తిరిగి రావాలన్న నియమం లేదు. ఒకే పీఎన్ఆర్‌లో ఒక ఊరికి వెళ్లి మరో ఊరి నుంచి తిరిగి రావచ్చు. బాలికి సింగపూర్ మీదుగా వెళ్లి, వచ్చేటప్పుడు కౌలాలంపూర్‌లో రెండు రోజులు ఆగి రావడం ఇలాంటిదే. తిరుగు ప్రయాణంలో తెలుసుకోవలసిన తేడా ఒకటుంది: హైదరాబాద్ లేదా చెన్నై మీదుగా విశాఖ వచ్చేవారు సాధారణంగా మన దేశంలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ దాటి, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ ముగించి, దేశీయ విమానానికి మళ్లీ అప్పగించాలి. ఒకే టికెట్ అయినా ఈ పని తప్పదు కనుక ఆ మజిలీకి మూడు గంటలైనా ఉంచండి. నేరుగా విశాఖలో దిగే విమానం దొరికితే, వెళ్లేటప్పుడు వేరే దారి ఎంచుకున్నా, వచ్చేటప్పుడు దానికే మొగ్గు చూపండి: అలసిపోయిన పిల్లలతో అర్ధరాత్రి పెట్టెలు మోసే పని తప్పుతుంది. అది రాత్రి పొద్దుపోయి దిగేదైతే, శ్రీకాకుళం నుంచి కారును ముందే మాట్లాడుకుని, డ్రైవర్‌కు విమానం నంబరు ఇచ్చి, అది దిగిన తర్వాత గంటకు గేటు దగ్గరికి రమ్మని చెప్పండి.